జోడుబిళ్ళ

కల్లు రుచి ఎట్లా ఉంటుందో గంగామణికి తెలియదు. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. అయినా పొద్దు వాలే వేళకు ఆమె నాలుక పీకడం మొదలుపెడుతుంది. గొంతు తడారిపోతుంది. బండగాం చౌరస్తాలో కల్లు కాంపౌండు ముందు నుంచి పోవాల్సి వస్తే, పెట్టెల్లో సీసాలు గలగలమన్న చప్పుడుకే కాళ్ళు అటు తిరుగుతాయి. తిరిగిన కాళ్ళను మళ్ళీ రోడ్డు మీదికి లాక్కుని నడవడం ఆమె ఉద్యోగంలో భాగం. ఎందుకంటే ఆ కోరిక ఆమెది కాదు. లసుంబాయిది.

గంగామణి ఆ ఊరి డీ-అడిక్షన్ సెంటరులో కౌన్సిలరు. లసుంబాయి బీడీలు చుట్టే మనిషి.

బండగాంలో అమ్మేది చెట్టు మీంచి దిగిన కల్లు కాదు. నీళ్ళు, శాక్రిన్, నిద్రమత్తు పొడి. బీడీలు చుట్టే ఆడవాళ్ళు పొద్దంతా చాట మీదికి వంగి, చీకటి పడే ముందు ఒక సీసా తాగి, నడుము నొప్పిని పండబెట్టి తామూ పండుకుంటారు. వాళ్ళ లెక్కన అది తాగుడు కాదు, మందు. ఎప్పుడో ఒక అధికారికి కోపమొస్తుంది. కాంపౌండుకు తాళం వేసి ఫోటో దిగి పోతాడు. మర్నాటి నుంచి ఊళ్ళో మెడలు వంకర పోతాయి, జనం నాలుకలు కరుచుకుంటారు, గోడల నిండా చీమలు పాకుతున్నాయని అరుస్తారు. తాళం వేసినవాడు అప్పటికి ఇంకో ఊళ్ళో ఫోటో దిగుతుంటాడు.

లసుంబాయి అట్లాంటి తాళం దెబ్బకే పడింది. చాట ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. తునికాకుల మీద నోటి నెత్తురు. సెంటరులో మందులిస్తే ఫిట్సు ఆగాయి. కోరిక ఆగలేదు. దానికి మందు లేదు. ఇంటికి పంపితే మళ్ళీ తాగింది, మళ్ళీ పడింది. ఇంకోసారి పడితే లేవదని డాక్టరు ఉమాపతి చెప్పేశాడు. చెప్పి ఊరుకోలేదు, జోడుబిళ్ళను బయటికి తీశాడు. ఆయన సెంటరు వెనక గదిలో ఏళ్ళ తరబడి చేస్తున్న పని అదే.

మొదటిసారి ఎట్లా చేశాడంటే, బల్ల మీద కల్లు సీసా పెట్టాడు. ఎదురుగా లసుంబాయిని కూర్చోబెట్టాడు. సీసాను చూడగానే ఆమె చేతులు ఎండుటాకుల్లా వణికాయి. ఆమె చెవి వెనక బొట్టుబిళ్ళంత లోహపు బిళ్ళ అంటించాడు. దాని జోడును గంగామణి చెవి వెనక అంటించాడు. టాబ్ మీద ఒక గీత ఉంది, గీత మీద ఒక చుక్క. చుక్కను లసుంబాయి వైపు నుంచి నెమ్మదిగా నడిమికి జరిపాడు.

లసుంబాయి చేతులు నిలిచిపోయాయి. గంగామణి గొంతు గుటక వేసింది.

"ఎట్లున్నది?" అన్నాడు ఉమాపతి.

"నాకేందో దూప అయితుంది సారు," అంది గంగామణి.

"నాకు దిగింది," అంది లసుంబాయి, నెత్తిమీది గంప ఎవరో దించినట్టు మెడ తిప్పుతూ. "సగం దిగింది."

"సగం సగమే. అంతకు మించి జరపొద్దు," అన్నాడు ఉమాపతి. "సగం కోరికైతే మనిషి కాసుకోగలడు. మిగతా సగం అలవాటు లేని ఒంట్లోకి పోతది. అక్కడ దానికి వేరుండదు. బండ మీద పడ్డ గింజ. ఎండిపోతది."

"మరి మీరు పెట్టుకోరా సారు?"

"కొలిచేటోడే మోస్తే కొలత చెడిపోతది గంగామణీ."

"అయితే మీరు గొడుగు కింద నిలవడి వాన కొలుస్తరన్నట్టు."

ఉమాపతి నవ్వాడు. చెడ్డవాడు కాదు. తొందర ఉన్నవాడు. మనుషులు ఆకుల మీద పడి చస్తుంటే తొందర లేనివాడు డాక్టరెట్లా అవుతాడు.

బిళ్ళ పని చేసింది. ఇందులో ఎవరూ వంక పెట్టలేరు. బిళ్ళ పెట్టుకుని ఇంటికి పోయినవాళ్ళలో ఒక్కరూ మళ్ళీ కాంపౌండు గడప తొక్కలేదు. వాళ్ళ బదులు సెంటరు కౌన్సిలర్లు పొద్దుగూకే వేళకు మజ్జిగ గ్లాసులు పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగారు.

వాళ్ళ బాధ పైకి తెలియకపోలేదు. రాష్ట్ర వనరుల కేంద్రం నుంచి ఒక పార్సిలు వచ్చింది. మత్తు నివారణ, మానసిక స్వస్థత నిపుణుల కోసం అని మీద అచ్చేసి ఉంది. లోపల ఒక పోస్టరు, దాని మీద నదిని చూసి నవ్వే అమ్మాయి. 'మీరు అలసిపోయారా?' అనే పుస్తకం. పిసుక్కోవడానికి రబ్బరు బంతి. అలసిపోయినవాళ్ళకు ఒక రోజు సెలవిస్తే సరిపోయేది. సెలవు పార్సిల్లో పట్టదు కాబట్టి బంతి పంపారు.

ఆ బంతిని ఫిరోజ్ తీసుకున్నాడు. గంగామణితో పాటు పనిచేసే కౌన్సిలరు అతను, కిష్టయ్య అనే మేస్త్రీ కోరికను మోస్తున్నాడు.

"అక్కా, ఒక మాట చెప్త. నవ్వొద్దు," అన్నాడు ఒకనాడు బంతి పిసుకుతూ.

"నవ్వేదైతే నవ్వుత."

"నాకొక బర్రె యాదికొస్తుంది."

"ఎవరి బర్రె?"

"అదే ఎర్క లేదు. నొసటి మీద తెల్లమచ్చ. మా ఇంట్ల ఎన్నడూ బర్రె లేదు. మా నాయిన గడియారాలు బాగుచేసేటోడు. పొద్దుగాల లేస్తే చాలు, దానికి గడ్డెయ్యకపోతినని పానం కొట్టుకుంటది."

గంగామణి పడీ పడీ నవ్వింది. "మీ అమ్మతోని చెప్త, జల్ది పెండ్లి చెయ్యమని. బర్రెను మర్చిపోతవ్."

ఫిరోజ్ కూడా నవ్వాడు. ఆలోచించాల్సిన సమయం అదే. ఆ గదిలో ఇద్దరూ మనుషుల మనసులు చదవడానికి జీతం తీసుకునేవాళ్ళే. ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు.

*

లసుంబాయి కూతురు నవనీత పెండ్లి కుదిరింది. పసుపు అంటిన కార్డు పట్టుకుని లసుంబాయి సెంటరుకు వచ్చింది. కార్డు బల్ల మీద పెట్టి, కుర్చీ కొసన కూర్చుంది.

"సంబురం లేదేంది లసుమక్కా?" అంది గంగామణి.

"సంబురమే. గుబులు గూడ ఉన్నది చెల్లె. తాళి కట్టినంక వియ్యపురాళ్ళం ఇద్దరం ఒక్క సీసల తాగాలె. మా దిక్కు గదే ఆనవాయితీ. ముందు పిల్ల తల్లి తాగి ఇస్తది, ఎనక పిలగాని తల్లి తాగుతది. అప్పుడు కలిసినట్టు."

"పెదవి తడుపుకొని ఇచ్చెయ్యి."

"నువ్వు తాగనిదానివి, నీకట్లనే ఉంటది." లసుంబాయి గొంతులో తిట్టు లేదు, అలసట ఉంది. "పెదవికి తగిలినంక అది ఆగుతదా? సగం కోరికైనా కోరికే. నా పెదవికి తగల్తే సీస సాంతం పోతది. ఎనక ఇంకొకటి. పందిట్ల పడి కొట్టుకుంటే నా బిడ్డ బతుకేంగావాలె?"

"మందుల మీద ఉన్ననని వాళ్ళతోని చెప్పు."

"చెప్తే, తల్లి గిట్లాంటిదట అని పిల్లను జీవితాంతం పొడుస్తరు. తాగకపోతే, మా సీస ముట్టలేదని పొడుస్తరు. ఎటైనా పొడిచేది నా బిడ్డనే."

కౌన్సిలింగు పుస్తకాల్లో దీనికీ ఒక జవాబుంది. వద్దని చెప్పడం నేర్చుకోండి అని ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాడికి వియ్యపురాలు ఉండి ఉండదు.

గంగామణి కార్డు చేతిలోకి తీసుకుంది. ఆమెకు పెండ్లి కాలేదు. చేసుకోలేదు. ఇతరుల ఇండ్ల సంగతులు విని విని సొంత ఇల్లు కట్టుకునే ఓపిక లేకపోయిందని అంటుంటుంది.

"ఆ ఒక్క పొద్దు నీది సాంతం నేను మోస్త," అంది.

ఫిరోజ్ ఒప్పుకోలేదు. "సగం దాటొద్దని సారు చెప్పిండు గద అక్కా."

"చెప్పిండు. దాటితే ఏమైతదో చెప్పలె."

"అడగొచ్చు గద?"

"అడిగితే వద్దంటడు."

పెండ్లినాడు పొద్దున గంగామణి టాబ్ మీది చుక్కను తన వైపు కొసదాకా జరిపింది. జరిపి, టాబ్ బీరువాలో పెట్టి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని బస్సెక్కింది.

*

ఆ పొద్దు గంగామణి పందిట్లో ఎట్లా నిలబడిందో ఆమెకే తెలియాలి. సగానికీ మొత్తానికీ తేడా రెండింతలు కాదు. సగం కోరిక దాహంలా ఉంటుంది. మొత్తం కోరిక పిలుపులా ఉంటుంది. వంటల దగ్గర పేర్చిన సీసాలన్నీ ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాయి. పందిరి గుంజను రెండు చేతులా పట్టుకుని, కొంగు పళ్ళ మధ్య కుక్కుకుని నిలబడింది. ఇన్నేళ్ళుగా ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్ళకు తాను ఎంత తేలికగా సలహాలిచ్చిందో తలుచుకుని సిగ్గుపడింది.

తాళి కట్టాడు. సీసా వచ్చింది. లసుంబాయి దాన్ని అందుకుని, పెదవి తడుపుకుని, తుడుచుకుని, వియ్యపురాలికి ఇచ్చింది. మంచినీళ్ళ చెంబు అందించినంత మామూలుగా. చెయ్యి వణకలేదు. కన్ను సీసా వెంట పోలేదు. గెలిచాం అనుకుంది గంగామణి. గుంజ పట్టుకున్న చేతుల్లో రక్తం లేదు, అయినా గెలిచాం అనుకుంది.

తరువాత అప్పగింతలు.

నవనీత చేతిని పాలలో ముంచి అత్తామామల చేతుల్లో పెట్టారు. బ్యాండువాళ్ళు ఊదడం ఆపారు. నవనీత తల్లి వైపు తిరిగింది. పుట్టిన్నుంచి తండ్రి లేని పిల్ల. తల్లి చాట పక్కన, తునికాకుల వాసనలో పెరిగిన పిల్ల. "అమ్మా" అని మెడ చుట్టూ చేతులు వేసింది.

లసుంబాయి దాని వీపు తట్టింది. "సరే, ఎక్కు బిడ్డా. బస్సు డ్రైవరు లొల్లి చేస్తున్నడు," అంది.

అప్పుడే పందిరి గుంజ దగ్గర నుంచి ఒక ఏడుపు లేచింది.

గంగామణికి తాను నడిచినట్టు గుర్తు లేదు. జనాన్ని తోసుకుంటూ వచ్చి నవనీతను వాటేసుకుంది. ఆ పిల్లను ఆమె అంతకు ముందు చూసింది రెండుమూడు సార్లే. అయినా ఆ పిల్ల పాలు తాగుతూ ఎట్లా గుప్పిట బిగించేదో తెలిసినట్టుంది. పండ్లూడిన నోరు తెలిసినట్టుంది. ఇక సాయంత్రం ఇంటికి పోతే ఆ పిల్ల ఉండదు. "నా తల్లీ, నేనెట్ల బతకాలె, నా చాట ముంగట ఎవరు కూసుంటరు" అని ఆమె ఏడుస్తుంటే పెండ్లికొడుకు తరఫువాళ్ళు ఈమె ఎవరని ఒకరినొకరు అడుక్కున్నారు.

లసుంబాయి పక్కనే నిలబడి చూసింది. ఎండిన కళ్ళతో, ఎవరి ఇంటి పెండ్లో చూస్తున్నట్టు. నవనీత ఏడుస్తున్న పరాయి మనిషి భుజం మీంచి తల్లి మొహం చూసింది. చూసి, ఇంక ఏడవలేదు. బస్సెక్కి, కిటికీ వైపు తిరగకుండా కూర్చుంది.

లసుంబాయి ఆడబిడ్డ పోసాని నోరు ఊరుకునేది కాదు. "ఏం వదినె, ఏడ్వనీకె కూలికి మనిషిని పెట్టినవా?" అంది నలుగురిలో.

"నాకేడుపు రాలేదు పోసానీ," అంది లసుంబాయి. నిజమే చెప్పింది. చెప్పి, ఎందుకు రాలేదా అని తన అరచేతుల వైపు చూసుకుంది.

*

మర్నాడు గంగామణి చుక్కను వెనక్కి జరపకముందే ఉమాపతికి ఉన్నదంతా చెప్పింది. చుక్క జరిపిన సంగతి, గుంజ, ఏడుపు. ఆయన తిట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆగాడు. "పిల్ల పాలు తాగింది గుర్తొచ్చిందా నీకు?" అని రెండోసారి అడిగాడు.

ఫిరోజ్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. "సారు, కిష్టయ్యను పిలవనా?" అన్నాడు మెల్లగా.

కిష్టయ్య మందుల కోసం వరండాలోనే ఉన్నాడు. వచ్చి కూర్చున్నాడు.

"నీకు బర్రె ఉండెనా కిష్టయ్యా?" అన్నాడు ఉమాపతి.

"ఉండె సారు. మొన్న ఎండకాలం అమ్ముకున్న."

"ఎట్లుండేది?"

"బర్రె బర్రె లెక్కనే ఉండె. నొసటి మీద తెల్లమచ్చ."

"యాదికొస్తదా?"

కిష్టయ్య ఆలోచించాడు. "అమ్మిననాడు బాగ ఏడ్చిన సారు. బిళ్ళ పెట్టినంక మంచిగున్న. ఇప్పుడంతగ యాది రాదు."

ఫిరోజ్ గదిలోంచి బయటికి పోయాడు. బంతి బల్ల మీదే ఉండిపోయింది.

కిష్టయ్య పోయాక ఉమాపతి అన్నాడు: "మనిషిలో అందనిదాని కోసం కొట్టుకునే తావు ఒక్కటే ఉన్నట్టుంది. సీసాకొకటి, బిడ్డకొకటి వేరే లేవు. నేను సీసా తోవకు అడ్డం కట్టిన అనుకున్న."

"మొత్తం తోవకే అడ్డం కట్టినం సారు. సగం పెడితే సగం పోయింది. సగం పోతే ఎవరికి తెలుస్తది? నేను మొత్తం గుంజుకునేసరికి బయటపడ్డది."

"వచ్చే వారం హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నరు. అన్ని జిల్లాలకు బిళ్ళలు ఇప్పిస్తమంటున్నరు. అప్పటిదాక ఈ మాట మనలోనే ఉంచు."

"ఉంచను."

"విను గంగామణీ. ఏడుపు రాకపోతే ఎవరూ చావరు. తాగితే చస్తరు. లసుంబాయి బిళ్ళ తీస్తే ఏమైతదో నీకు తెలుసు."

తెలుసు. ఆకుల మీది నెత్తురు గంగామణే కడిగింది.

జవాబు తలుపు తోసుకుని వచ్చింది. లసుంబాయి. పెండ్లి చీర ఇంకా విప్పలేదు. కుర్చీలో కూర్చోలేదు.

"చెల్లె, నిన్న నువ్వు ఏడ్చినవ్ గద. అది ఎవరిది?"

గంగామణి ఉమాపతి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు.

"నీదే లసుమక్కా," అంది. "నీకు కష్టం కావొద్దని మొత్తం నా దిక్కు తీసుకున్న. కల్లు ఒక్కటే వస్తదనుకున్న. నీ బిడ్డ గూడ వచ్చింది."

లసుంబాయి కొంగు నడుముకు దోపింది. "ఇంటికి పోయిన గద, దాని బట్టలు దండెం మీద ఉన్నయి. తీసి మడత పెట్టిన. ఎవరివో మడత పెట్టినట్టు పెట్టిన. బిడ్డ ఫోన్ చెయ్యలె. ఎందుకు చేస్తది? తల్లి బండలెక్క నిలవడె." ఆమె చెయ్యి చాచింది. "నా ఏడుపు నాకియ్యి."

"అదొక్కటే రాదు లసుంబాయ్," అన్నాడు ఉమాపతి. "వస్తే రెండూ వస్తయి. మళ్ళా తాగుతవు. నేను చెప్పిన గద, ఇంకోసారి పడితే..."

"చెప్పినవ్ సారు. మంచికే చెప్పినవ్. తాగుతనో, తాగకుంట ఉంటనో నా దగ్గరికి వచ్చినంక చూసుకుంట. నా దగ్గర లేనిదాన్ని నేనేం కాసుకోవాలె?"

ఉమాపతి టాబ్ అందుకోలేదు, అడ్డమూ రాలేదు. గంగామణి తన చెవి వెనక గోరు పెట్టి బిళ్ళ పెరికింది.

పెరికిన క్షణంలో గొంతులో దూప పోయింది. దానితో పాటే నవనీత పోయింది. గుప్పిట, పండ్లూడిన నోరు, చాట ముందు కూర్చున్న పిల్ల. వెతికింది. పెండ్లిలో చూసిన ఎవరి కూతురో ఒక ముఖం మాత్రం మిగిలింది. నిన్నటి నుంచి ఆమెకో బిడ్డ ఉండింది. ఇప్పుడు లేదు. లేదన్న బాధ కూడా ఆమె దగ్గర లేదు. అది ఎవరిదో వాళ్ళ దగ్గరికి పోయింది.

లసుంబాయి తన చెవి వెనక తడుముకుంది. "ఏం కాలేదు," అంది. తరువాత చేతులు వణికాయి. గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. పెదవులు తడుపుకుంది. చూపు తలుపు వైపు పోయింది, తలుపు దాటి చౌరస్తా వైపు పోయింది. "ఒక్క సీస చెల్లె. ఒక్కటే" అంది. అంటూ అంటూనే నోరు వంకర తిరిగి, "దాని పసుపు గుడ్డలు మడత పెట్టిన... దాని..." అని పెద్దగా ఏడ్చింది. ఏది సీసా కోసమో ఏది బిడ్డ కోసమో ఆమెకూ తెలియలేదు, పక్కన కూర్చున్న గంగామణికీ తెలియలేదు.

గంగామణి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఆ చేతిలోంచి ఏమీ రాదు. వణుకు తెలుస్తుంది, అంతే. బిళ్ళలు రాకముందు ఆమె ఉద్యోగం ఇదే. పట్టుకుని కూర్చోవడం. పని చేస్తుందన్న గ్యారంటీ ఎప్పుడూ లేదు.

ఉమాపతి వచ్చి, కింద, గచ్చు మీద, రెండో పక్కన కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక లసుంబాయి రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"ఫోన్ కలుపు," అంది లసుంబాయి.

గంగామణి కలిపింది. చాలాసేపు మోగింది. ఎత్తారు.

"బిడ్డా," అంది లసుంబాయి, ఏడుపులోంచే.

"అమ్మా, ఏడుస్తున్నవా?" అంది నవనీత.

"ఏడుస్తున్న."

"ఇప్పుడా?"

"ఇప్పుడే ముట్టింది బిడ్డా."

అవతల పిల్ల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. చౌరస్తాలో కాంపౌండు తెరిచారు. సీసాల పెట్టెలు దింపుతున్న గలగల కిటికీలోంచి వచ్చింది. లసుంబాయి తల అటు తిరిగింది. ఫోను మాత్రం చెవి నుంచి తీయలేదు.

"అమ్మా, ఉన్నవా?"

"ఉన్న," అంది లసుంబాయి. "పెట్టెయ్యకు. మాట్లాడు."